గంగారెడ్డి ప్లేట్లు, సాయిలు సీడీలు

ఈమధ్య నిజామాబాద్ నుంచి, హైదరాబాద్ నుంచి చదువుకున్న పిల్లలు నన్ను వెతుక్కుంటూ ఆర్మూర్ వస్తున్నారు. గ్రామఫోన్ రికార్డులకు మళ్లీ గిరాకీ వచ్చిందట. పాతవి కొని, కడిగి, కొత్త కవర్లలో పెట్టి అమ్మే దుకాణాలు తెరుస్తున్నారట. రికార్డును మా దగ్గర ప్లేటు అంటారని ముందే తెలుసుకుని వస్తారు. ఇంకా కూర్చోకముందే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అంకుల్, ప్లేటు మంచిదా, సీడీ మంచిదా?"

ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు. దాదాపు నలభై ఏళ్లు పాత బస్టాండు దగ్గర ఒకే దుకాణంలో కూర్చుని మొదట ప్లేట్లు, తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు అమ్మాను. వాటిని పాడించే మిషన్లు విప్పి బాగుచేశాను. దుకాణం ఎప్పుడు పెద్దది చేశానో, ఎన్ని అమ్మానో రాస్తే మీకేం ఉపయోగం లేదు. నాకు పని నేర్పినవి రెండు తప్పులు, నేర్పినవాళ్లు ఇద్దరు గిరాకీలు, అంటే కొనేవాళ్లు. వాళ్ల సంగతే రాస్తాను.

స్పిరిట్ సీసా

నేను పనిలో చేరింది కరీం ఉస్తాద్ దగ్గర. ఆయన పెళ్లిళ్లకు మైకుసెట్టు కిరాయికి ఇచ్చేవారు, ప్లేట్లు అమ్మేవారు, రికార్డ్ ప్లేయర్లు రిపేరు చేసేవారు. నాకప్పటికి ఇరవై ఏళ్లు దాటాయి. రేడియో మెకానిక్ కోర్సు చేసి వచ్చాను కాబట్టి అన్నీ తెలుసనుకునేవాణ్ని. ఉస్తాద్ మాత్రం మొదటి రెండు నెలలు ప్లేట్లు కడగడానికే నన్ను కూర్చోబెట్టారు.

పసుపు సీజనులో మా ఊళ్లో గాలి కూడా పచ్చగానే ఉంటుంది. ఆ మెత్తని పొడి ప్లేటు గీతల్లోకి దిగితే, పాడించే ముల్లు దాన్ని రుద్ది రుద్ది పాటను అరగదీస్తుంది. చల్లని నీళ్లు, ఒక్క చుక్క సబ్బు, మెత్తని గుడ్డ. గీతల వెంబడే తుడవాలి, అడ్డంగా తుడవకూడదు. విద్య అంతే. అయినా రెండు నెలలు పట్టింది.

ఒకరోజు పెర్కిట్ నుంచి ఎల్లవ్వ అనే పెద్దామె బరువైన పాత ప్లేటు ఒకటి తెచ్చింది. ఆ రకం ప్లేట్లు లక్కతో చేసేవారు. అప్పటికే కొత్తవి రావడం ఆగిపోయింది. రెండువైపులా రాముడి పాటలు. ఆమె భర్త బతికున్నప్పుడు కొన్నదట. జిడ్డు పట్టింది, తుడిచిపెట్టమని చెప్పి వెళ్లింది.

ఉస్తాద్ నమాజుకు వెళ్లారు. సబ్బునీళ్లకు జిడ్డు వదల్లేదు. నేను టేప్ రికార్డర్లు తుడిచే స్పిరిట్ సీసా తీశాను. ఒక్కసారి రుద్దేసరికి గుడ్డ నల్లగా అయింది. మురికి భలే వదులుతోందని సంతోషపడి ఇంకా గట్టిగా రుద్దాను. వదులుతున్నది మురికి కాదు, ప్లేటే. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని నా కోర్సులో ఎవరూ చెప్పలేదు.

ఉస్తాద్ వచ్చి ముల్లు పెట్టి చూశారు. ఇసుక మీద చీపురు ఆడించినట్టు చప్పుడు వచ్చింది. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"గీ ప్లేటు తీస్కొని నువ్వే పో. నువ్వే చెప్పు," అన్నారు.

"మీరు గూడ రండి ఉస్తాద్. నాకు భయమైతుంది."

"భయం గాకపోతె నేర్వవు బేటా. పో."

నేను వెళ్లేసరికి ఎల్లవ్వ ఇంటి ముందు కూర్చుని మక్కలు ఒలుస్తోంది. జరిగింది చెప్పాను. ఆమె ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాట మొత్తం పోయిందా?"

"పోయిందవ్వా. తప్పు నాదే."

"గట్లయితె గూసో."

కూర్చున్నాను. ఆమె గొంతు సవరించుకుని మొదటి పాట అందుకుంది. పల్లవి, చరణాలు, మధ్యలో హార్మోనియం ముక్క, మద్దెల దెబ్బలు, అన్నీ నోటితోనే. పాట అయ్యాక కాసేపు ఆగి, చేత్తో ప్లేటు తిరగేసినట్టు చూపించి, "ఇగ గిప్పుడు ఎనక దిక్కు ఇను," అని రెండో పాట మొదలుపెట్టింది. చుట్టుపక్కల వాళ్లు వచ్చి నిలబడ్డారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

లేస్తుంటే రెండు మక్కకంకులు చేతిలో పెట్టి, "నాదంటె నోటికుండె, సరిపాయె. ఇంకోల్లది పాడు చెయ్యకు బిడ్డా," అంది.

ఆరోజు రెండు సంగతులు నేర్చుకున్నాను. తెలియని వస్తువు మీద తెలిసిన మందైనా సరే వాడొద్దు. తప్పు చేస్తే మీ కాళ్లతో నడిచి వెళ్లి మీ నోటితో చెప్పండి. మొదటిది చివరిదాకా గుర్తుంది. రెండోది ఒకసారి మర్చిపోయాను.

అంగడి లెక్క, దవాఖాన లెక్క

కొన్నేళ్లకు ఉస్తాద్ పెద్దవారై దుకాణం నాకు అప్పగించారు. అప్పటి గిరాకీల్లో నాకు బాగా ఇష్టమైనవాడు కమ్మర్‌పల్లి గంగారెడ్డి. పసుపు, మక్క పండించే రైతు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఏటా పసుపు అమ్ముడైన వారంలోపల వచ్చి ప్లేట్లు కొనేవాడు. సినిమా పాటలు, ఖవాలీ, సన్నాయి, ఏదైనా సరే. ప్లేటును అంచులు పట్టుకుని తీయాలని ఎన్నిసార్లు చెప్పినా, పసుపు ఉడకబెట్టిన చేతులు కదా, ప్రతి అట్ట కవరు మీదా పచ్చని బొటనవేలి ముద్ర పడేది. కొన్న వెంటనే నా పెన్ను అడిగి తీసుకుని అట్ట వెనక ఏదో రాసుకునేవాడు. పేరు రాసుకుంటున్నాడనుకుని నేనెప్పుడూ చదవలేదు.

రెండోవాడు బాల్కొండ సాయిలు. గల్ఫ్‌లో డ్రైవరు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు సీడీ ప్లేయరు, సంచినిండా సీడీలు తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. మా దుకాణంలో సీడీ అడుగుపెట్టడం అదే మొదలు. గంగారెడ్డి ఆరోజు అక్కడే ఉన్నాడు. ఒక సీడీ చేతిలోకి తీసుకుని, "ఇదేంది, అద్దమా? మొఖం చూస్కోవాల్నా?" అన్నాడు.

"చూస్కో అన్నా. మల్లొచ్చినప్పుడు దువ్వెన గూడ తెస్త," అన్నాడు సాయిలు.

మీట నొక్కాడు. ముందు ఏమీ వినిపించలేదు. గరగర లేదు, టపటప లేదు. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా సన్నాయి లేచింది. ఇన్నేళ్లూ ప్లేటు చప్పుడును కూడా పాటలో భాగమే అనుకుంటూ వచ్చానని అప్పుడు తెలిసింది.

"ఎట్లున్నది గంగన్నా?" అని అడిగాను.

"మస్తు సాఫ్ ఉన్నది. దవాఖాన లెక్క."

ఆస్పత్రిలా ఉందనేసరికి సాయిలుకు రోషం వచ్చింది. "నీ ప్లేటు అంగడి లెక్క. పాట కన్న లొల్లి ఎక్కువ."

ఆరోజు నుంచి సాయిలు సెలవుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ నా దుకాణంలో కలిసి కొట్లాడుకోవడం ఆనవాయితీ అయింది. సాయిలు సీడీని ప్రేమించడానికి కారణం ఉంది. గల్ఫ్‌లో లేబరు క్యాంపులో ఒక్క గదిలో ఎనిమిది మంది. పరుపు కింద పట్టేదే సొంత వస్తువు. ముప్పై సీడీలు గాజుల పెట్టెలో పట్టేవి. గంగారెడ్డి ప్లేట్ల బీరువా పెట్టాలంటే ఆ గదిలో ఇద్దరు బయట పడుకోవాలి.

గుడ్డ వెనక పాట

ఒక సెలవులో ఈ కొట్లాట తేల్చాలని పందెం వేసుకున్నారు. ఒకే సన్నాయి కచేరీ నా దగ్గర ప్లేటుగా ఉంది, సాయిలు దగ్గర సీడీగా ఉంది. ప్లేటు కొత్తది, ముల్లు కొత్తది. రెండు మిషన్లనూ ఒకే ఆంప్లిఫయరుకు కలిపి, చప్పుడు సమానంగా సరిచేసి, అడ్డంగా దుప్పటి కట్టాను. పక్కనున్న టీ కొట్టువాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు.

మొదట ఒకటి వినిపించాను. తర్వాత రెండోది. గంగారెడ్డి కళ్లు మూసుకుని తల ఊపుతూ విన్నాడు.

"రెండోదే నా ప్లేటు. గా ఊపిరి ఇనవడ్తలేదా? మనిషి పక్కన గూసోని ఊదుతున్నట్టే ఉన్నది."

సాయిలు గట్టిగా నవ్వాడు. "అవు, మొదటిది సీడీ. ఎంత సాఫుగున్నదో సూడు. రెండోది ప్లేటే, జర మందంగున్నది."

అంటే రెండోది ప్లేటని ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను దుప్పటి తీశాను. రెండోది సీడీ.

దుకాణం దద్దరిల్లింది. గంగారెడ్డి జీవితంలో మొదటిసారి సీడీని మెచ్చుకున్నాడు, సాయిలు ప్లేటును. నేను కూడా నవ్వుతుంటే ఇద్దరూ కలిసి నన్ను కూర్చోబెట్టి, కళ్లకు తువ్వాల కట్టి, అదే పరీక్ష నాకూ పెట్టారు. మూడుసార్లలో రెండుసార్లు తప్పు చెప్పాను. నా విద్య గురించి నాకున్న గర్వం ఆరోజుతో సగమైంది.

కాబట్టి పిల్లలూ, నా మాట ఇది. ప్లేటు శుభ్రంగా ఉండి, ముల్లు మంచిదై, సీడీ కంపెనీ అచ్చువేసినదైతే, చెవితో తేడా చెప్పేవాళ్లు చాలా తక్కువ. చెప్తామనేవాళ్లు చాలా ఎక్కువ. ప్లేటు పాడినప్పుడల్లా కొంచెం అరుగుతుంది, ఎండకు వంగుతుంది. నిలువుగా పెట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. సీడీ అరగదు, కానీ మీద గీతపడితే ఒక్కోసారి పాటంతా ఎగిరిపోతుంది. ప్లేటు చెడిపోయే ముందు గరగరమని చెప్తుంది. సీడీ నిన్నటిదాకా బాగానే పాడి, ఇవాళ ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతుంది. ప్లేయరు లేకుండా ప్లేట్లు కొని గోడకు తగిలించుకునేవాళ్లకు అమ్మండి, తప్పులేదు. కానీ వాళ్లకు శబ్దం గురించి ఉపన్యాసం ఇవ్వకండి.

జీవితాంతం అనే మాట

ఆ పందెం తర్వాత గంగారెడ్డికి ప్లేట్ల మీద పట్టుదల సడలింది. పాత ఇల్లు తీసి స్లాబు వేస్తున్నాడు, బీరువా పెట్టడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే నేను కంప్యూటరు, సీడీలు రాసే మిషను కొన్నాను. కొత్త మిషను చేతికి వచ్చిన మెకానిక్ ఎలా ఉంటాడో మీకు తెలుసు. కనిపించినదాన్నల్లా దాంట్లో పెట్టాలనిపిస్తుంది.

"ఇయ్యి గంగన్నా, నీ ప్లేట్లన్ని సీడీలు చేసిస్త. ప్లేట్లు నేను తీస్కుంట. చిన్న డబ్బాల పడ్తయి."

"ఖరాబు గావు గద?"

"జీవితాంతం ఉంటయి," అన్నాను.

నాకు తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పాను. నేను రాసింది కంపెనీ అచ్చువేసిన సీడీల మీద కాదు, కట్టలుగా వచ్చే చవక ఖాళీ సీడీల మీద. పైగా అందంగా ఉంటుందని జిగురు పెట్టి కాగితం లేబుళ్లు అంటించాను. ఆ జిగురే వాటిని లోపలినుంచి తింటుందని తర్వాత తెలిసింది. ప్లేట్లలో ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి తీసుకుపోయాడు. ఒక్క పెట్టె మాత్రం బాల్కొండ నుంచి ఎవరో వచ్చి కొన్నారు.

కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు గంగారెడ్డి సీడీల డబ్బా పట్టుకుని వచ్చాడు.

"పోశెట్టీ, గివి పాడ్తలేవు."

కాగితం ఊడిన ఒకదాన్ని వెలుతురుకు అడ్డంపెట్టి చూశాను. జల్లెడలాగా చిన్నచిన్న చిల్లులు కనిపించాయి. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. కానీ నోటినుంచి వచ్చింది వేరే మాట.

"ప్లేయరు లోపల అద్దం మీద దుమ్ము పట్టిందన్నా. తుడిచిస్త."

తుడిచి ఇచ్చాను. నన్ను నమ్మి వెళ్లిపోయాడు. ఇన్నేళ్ల నా పనిలో నేను సిగ్గుపడేది ఆ సీడీల గురించి కాదు, ఆ అబద్ధం గురించి. వారం రోజులు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు దుకాణం మూసి కమ్మర్‌పల్లి బస్సు ఎక్కాను.

గంగారెడ్డి కొత్త ఇంటి వరండాలో ఉన్నాడు. నిలబడే చెప్పాను: సీడీలు చచ్చిపోయాయి, మళ్లీ పాడవు, జీవితాంతం అని తెలియకుండా చెప్పాను, మొన్న తెలిసీ అబద్ధమాడాను.

అతను కుర్చీ ఒకటి నా వైపు జరిపాడు. తర్వాత, "పాటలకు ఫికర్ లేదు. పాటలు యాడనన్న దొర్కుతయి. గా అట్టలు..." అని ఆగిపోయాడు.

"అట్టల మీద ఏమున్నదన్నా?"

"గా సాల్ల ఏమైందో రాసుకునేటోన్ని. వాన పడ్డదా, పసుపు ఎట్లొచ్చింది, ఇంట్ల ఎవలు పుట్టిండ్రు, ఎవలు పోయిండ్రు. నేను లెటరు గూడ రాసెటోన్ని గాదు. రాసింది గదొక్కటే. నీకిచ్చినప్పుడు యాదికి రాలే. యాదికొచ్చినంక అడగబుద్ది గాలే."

ఏ ఏటి సంగతి ఆ ఏడు, నా పెన్నుతో, నా కౌంటరు మీద, నా కళ్లముందే రాసుకున్నాడు. నేను ఒక్కసారి కూడా చదవలేదు.

బాల్కొండ పెట్టె

హైదరాబాద్ వ్యాపారి కోసం వెళ్తే ఆ దుకాణమే లేదు. ఎక్కడికి పోయాడో చెప్పేవాళ్లు లేరు. మిగిలింది బాల్కొండ పెట్టె ఒక్కటే. సాయిలు అప్పటికి గల్ఫ్ మానేసి ఇంటిదగ్గరే ఉంటున్నాడు. ఊళ్లో వాకబు చేయిద్దామని అతని దగ్గరికి వెళ్లాను.

"సాయన్నా, మీ ఊరాయన ఒకాయన నా దగ్గర ప్లేట్ల పెట్టె తీస్కపోయిండు. మనిషి పొడుగ్గ, ఎడమ చెయ్యికి కడెం. ఎవలో ఎర్కనా?"

సాయిలు మొహం ఎర్రబడింది. నేలచూపులు చూశాడు. లోపలినుంచి అతని భార్య రాజమణి కేకేసింది: "గాయన మా తమ్ముడే అన్నా! గీయనే తోలిండు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

సీడీల సాయిలు బామ్మర్దిని పంపి ప్లేట్లు కొనుక్కున్నాడు! నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"నవ్వకు పోశన్నా," అన్నాడు సాయిలు. "సెలవులొచ్చినప్పుడు నీ దుకాన్ల ఒక అట్ట తిరగేసి సూసిన. గంగన్న రాత. గా సాల్ నేను ఈడ లేను. ఇంకోటి సూసిన, గప్పుడు గూడ లేను. నేను లేని సాల్లన్ని గా అట్టల మీద ఉన్నయి. ఫోన్ల మావోల్లు అంత మంచిగుందని చెప్పెటోల్లు. గీన అట్లగాదు, ఉన్నదున్నట్టు రాసిండు. ఇన్నేండ్లు గంగన్నతోని లడాయి వెట్టుకున్న గద, ప్లేట్లు కొన్ననంటె ఇజ్జత్ పోతదని చెప్పలే."

పెట్టె తీసి చూపించాడు. ప్లేట్లు నిలువుగా, శుభ్రంగా, వరసగా ఉన్నాయి. మొట్టమొదటిసారి చదివాను. "గీ సాల్ పసుపు మంచిగొచ్చింది. పెద్దబిడ్డ నడుస్తున్నది." మరొకటి: "అమ్మ పోయింది. గీ పాట అమ్మకు ఇష్టం." ఇంకొకదాని మీద: "వానల్లేవు. బోరు ఎండింది. గీ సాల్ ఒక్కటే ప్లేటు."

ఆ ఆదివారమే గంగారెడ్డిని తీసుకొచ్చాను. అతను కూర్చుని ఒక్కొక్క అట్టా చదివాడు. పచ్చని వేలిముద్ర మీద బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. సాయిలు పక్కనే నిలబడి, "నీయే గదన్నా, తీస్కపో," అన్నాడు.

"నేను తీస్కపోతె బీరువల పెట్టి తాళం వేస్త. నువ్వు సదువుతున్నవ్," అన్నాడు గంగారెడ్డి. "ఈడనే ఉండనియ్. నేనే వస్త."

హైదరాబాద్ పోయినవి దొరకలేదు. ఎప్పటికీ దొరకవు. వాటి మీది సంవత్సరాలు నావల్ల పోయాయి. అందుకు క్షమించానని గంగారెడ్డి ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. ఆ పాటలకు కంపెనీ సీడీలు ఒక్కొక్కటిగా వెతికి తెచ్చి ఇచ్చాను. ఈసారి కాగితాలు అంటించలేదు. ఎంతకాలం ఉంటాయని అడిగితే, "తెల్వదన్నా," అన్నాను.

ఇప్పుడు నెలకొక ఆదివారం గంగారెడ్డి కమ్మర్‌పల్లి నుంచి ఆర్మూర్ వస్తాడు. బస్టాండులో నేను కలుస్తాను. ఇద్దరం బాల్కొండ బస్సు ఎక్కుతాం. సాయిలు ప్లేయరు నేనే బాగుచేశాను, కొత్త ముల్లు వేశాను. పక్కనే సీడీ ప్లేయరు కూడా ఉంది. వాళ్లిద్దరికీ ఎనభై దగ్గరపడుతున్నా కొట్లాట ఆపలేదు.

మొన్నటిసారి పాట మొదలవకముందే మొదలుపెట్టారు. దవాఖాన అని ఒకరు, అంగడి అని ఒకరు. నేను మధ్యలో ముల్లు బరువు గురించి చెప్పబోయాను. రాజమణి చాయ్ గ్లాసులు తెచ్చి పెట్టి, అక్కడే నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నన్నెవలన్న అడిగిండ్రా?" అంది.

ముగ్గురం ఆమెవైపు చూశాం. నిజమే. ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు.

"చెప్పు చెల్లె," అన్నాను. "ప్లేటా, సీడీయా?"

"మీరు ముగ్గురు నోర్మూస్కుంటె, రెండు మంచిగనే ఉంటయి."

ఆమె ముందుకు వచ్చి, ప్లేటును అంచులతో పట్టుకుని పెట్టి, మెల్లగా ముల్లు దించింది.